కర్పూరంతో కాలిన కొండ

జీపు బానెట్ మీద పటం పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు సుదర్శనరావు. పాత గుడ్డ మీద బొగ్గుతో దింపిన గీతలు. కొండల మధ్య మెలికలు తిరిగే ఒక దారి, దాని పొడవునా చుక్క పెట్టిన సున్నాలు.

"తొమ్మిది సున్నాలు, తొమ్మిది నిధులు. మొదటిది ఈ కొండ గుహలోనే ఉంది" అన్నాడు, నగరంలో ప్లాట్లు అమ్మే గొంతుతో. పటం తెచ్చిచ్చిన స్వామి పక్కనే నిలబడి కళ్లు మూసుకుని తలూపాడు. అంత బంగారం జాడ తెలిసినవాడు ఇంకొకడి జీపులో ఎందుకు తిరుగుతున్నాడని రావుకు తట్టనే లేదు. డబ్బున్న బుర్రలోకి అలాంటి ప్రశ్నలు దూరవు.

దారి చూపడానికి వెంట వచ్చిన ఈదమ్మ పటాన్ని వంగి చూసింది. ఆ సున్నా గుర్తు చిన్నప్పుడెక్కడో చూసినట్టే ఉంది. ఎక్కడో గుర్తు రాలేదు.

ఆమె చెంచు మనిషి, ఎండాకాలమంతా అడవికి మంటల కాపలా. మాఘం నుంచి పచ్చికొమ్మలతో మంటలు కొట్టీ కొట్టీ అరచేతులు బొబ్బలెక్కాయి. మనసు మాత్రం తొలకరి మీదే ఉంది. వాన పడి మంటలు చల్లారిన మర్నాడే బయలుదేరాలి. తాతలు నడిచిన దారిలో పన్నెండు రోజులు నడిచి, నల్లమల ఆ కొసనున్న అక్క గూడేనికి చేరాలి. బస్సుంది, కానీ ఆ తాతల దారి అసలు లేనేలేదని ఎవరో ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని కాగితం మీద రాసేశారు. ఆ రాతను కాళ్లతో కొట్టేయాలి. దారిలో అంబలికి తైదపిండి మూట అప్పుడే చూరుకు వేలాడుతోంది. దారిలో నీళ్లెక్కడున్నాయో చెప్పకుండానే తండ్రి పోయాడు. అదొక్కటే లోటు.

"జేబులు దులుపుండ్రి. అగ్గిపెట్టె, సిగరెట్లు ఈడ పెట్టుండ్రి" అంది ఈదమ్మ.

"నాకే ఆర్డరా?" అని గొణిగాడు రావు.

"అడవి కోసం సారూ. అది మీ లెక్క మాట్లాడదు, కాలుద్ది."

రావు లైటరు తీసి ఇచ్చాడు. స్వామి ఖాళీ చేతులు చూపించాడు. కుంకుమ భరిణెలో కర్పూరం బిళ్లలు, అగ్గిపుల్లలు దాచుకున్నాడని ఆమెకు తెలియదు.

మధ్యాహ్నానికి కొండ పాదం చేరారు. పైన గుహ నోరు నల్లగా కనిపిస్తోంది. కింది నుంచి అక్కడిదాకా నడుమెత్తు బోదగడ్డి ఎండి గలగలలాడుతోంది. "మీరు పదండి, నేను పూజ ముగించి వస్తా" అంటూ స్వామి కిందే చతికిలబడ్డాడు. నిధికి కాపలా ఉన్న భూతాన్ని శాంతపరచాలట!

వాళ్లు సగం కొండ ఎక్కేసరికి గాలి తిరిగింది. కమురు వాసన ఈదమ్మ ముక్కుకు తగిలింది. వెనక్కి చూస్తే, చైత్రమాసపు గడ్డిలో హారతి పళ్లెం పెట్టిన మహానుభావుడు పంచె ఎగ్గట్టి జీపు వైపు పరుగెడుతున్నాడు. మంట గోడలా లేచి కొండెక్కుతోంది.

"గుహలోకి! పరుగెత్తు!" అని అరిచాడు రావు.

"ఆగు! ఎగువకు మంట నీకన్నా జోరుగ ఉరుకుద్ది!" ఈదమ్మ అతని చొక్కా వెనక నుంచి పట్టి గుంజింది. కొంగుముడిలోంచి అతని లైటరే తీసి, తమకు ఎగువనున్న గడ్డికి అంటించింది.

"పిచ్చిదానా! ముందు కూడా మంటా?"

"నోర్మూసుకో సారూ!"

ఆ మంట గాలితో పాటు పైకి దూకింది. వెనకాల నల్లటి నేలను వదిలింది. ఇంకా పొగలు కక్కుతున్న ఆ బూడిదలోకి రావును నెట్టి, పక్కనే తానూ బోర్లా పడింది. మోకాళ్లు, మోచేతులు చురచుర కాలాయి. కిందినుంచి పెద్దమంట హోరుమంటూ వచ్చి, తినడానికి గడ్డి లేక రెండుగా చీలి పక్కలనుంచి పోయింది. ప్లాట్ల దొర ముఖం బూడిదలో దాచుకుని "అమ్మా, ఈదమ్మ తల్లీ" అని ఏడ్చాడు.

పొగ పలచబడగానే అదే దొర లేచి గుహకేసి ఉరికాడు. ప్రాణం దక్కితే చాలన్న నోరే "బంగారం" అంటోంది. వెనకే వెళ్లిన ఈదమ్మ గుహ ద్వారంలో నిలబడిపోయింది. బండ మీద చెక్కిన సున్నా, నడుమ చుక్క. దాని కింద, చల్లటి చీకట్లో, రాతిదొన్నెలోకి టపటపా ఊట. అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఇలాంటి బండ దగ్గరే నాన్న ఆమెకు దోసిలితో నీళ్లు తాగించాడు.

"ఇందులో ఏం లేదు! నీళ్లే!" అని బండను తన్నాడు రావు.

ఈదమ్మ కడుపారా తాగింది. "నడిచేటోళ్లకు మా పెద్దలు పెట్టిన గుర్తు సారూ. చుక్కున్న సున్నా అంటే లోపల నీళ్లు. నీ స్వామి వాటిని బంగారం జేసి నీకమ్మిండు. భూతానికి హారతిచ్చిండు, మా అడవి పళ్లెమైంది."

బయటికొచ్చి చూస్తే మంట శిఖరం మీద, మంట దాటకుండా ఆమె మాఘంలో గడ్డి ఊడ్చి తీసిన గీత దగ్గర తచ్చాడుతోంది. అది దాటితే ఆమె నడిచే లోయంతా బూడిదే. పైకి ఉరికి రెండు పచ్చికొమ్మలు విరిచి, ఒకటి రావు చేతిలో పెట్టి, అతని చంకలోంచి పటం లాక్కుంది.

"అది నాది!"

"ఈ కొమ్మ నీది. కొట్టు."

పొద్దు కుంకేదాకా కొట్టించింది. మంట గీత దాటలేదు. బొబ్బలెక్కిన చేతులు చూసుకుంటూ, స్వామి జీపుతో ఉడాయించడంతో రావు రోడ్డు దాకా కాలినడకన పోయాడు. అతని జీవితంలో అదే అతిపెద్ద సాహసం.

మర్నాడు ఈదమ్మ పటం మడిచి తైదపిండి మూటలో దోపింది. తొమ్మిది చోట్ల నీళ్లు, పన్నెండు రోజుల నడక. తల ఎత్తి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. కొత్త కొమ్మ విరుచుకుని మళ్లీ కాపలాకు కొండెక్కింది.