చంద్రమ్మ లారీకి గ్యారంటీ

1949 వేసవి. సూర్యాపేట అంగడి వీధిలో సత్తయ్య కిరాయి సైకిళ్ల దుకాణం, దాని పైన ఒక గది, ఆ గదికి ఒక బోర్డు: ‘పర్వతాలు, ప్రైవేటు డిటెక్టివు’. పర్వతాలు అంతకుముందు పన్నెండేళ్లు కోదాడ సరిహద్దు నాకాలో సుంకం జవాను. గడ్డిబండిలో దాచిన చక్కెర మూటను బండివాడి ముఖం చూసి పట్టుకునేవాడు. ఉద్యోగం మానేసి బోర్డు కట్టాక పదకొండు కేసులొచ్చాయి, అందులో తొమ్మిది తప్పిపోయిన బర్రెలవి. అయినా సత్తయ్యకు ఆయన మీద గురి వీసమెత్తు తగ్గలేదు. దుకాణం తమ్ముడికి అప్పగించి, నోటుబుక్కు చంకలో పెట్టుకుని వెంట తిరిగేవాడు.

ఆ బుధవారం పొద్దున చంద్రమ్మ మెట్లెక్కి వస్తూనే గోడకు చేరగిలబడింది. భర్త పోయాక రెండెకరాలు కుదువబెట్టి పాత మిలిటరీ లారీ కొని, దానికి సికింద్రాబాదు కంపెనీ దగ్గర కొత్త ఇంజను బిగించుకున్న మనిషి ఆమె. సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలుతుంది.

“అయ్యా, నా లారీ ఆగమైంది. సోమవారం కోదాడ దాటినంక ఇంజను హెడ్డు పలిగింది. ఏడాది గ్యారంటీ ఉన్నది గదా, కంపెనీ బాగుజేస్తదనుకున్న. వాళ్ల ఇన్‌స్పెక్టరు హీరాలాలేమో చేసేది లేదంటుండు. మా డ్రైవరు మల్సూర్ స్పీడు కోసం ఇంజను మర తిప్పిండట. రేపోమాపో వాణ్ని పోలీసులకు పట్టిస్తడట.”

“ఆ ఇన్‌స్పెక్టరు సోమవారం యాడున్నడు?” అని పర్వతాలు అడిగాడు.

“లారీలనే ఉన్నడు. ప్రతి సోమవారం ముందు సీట్ల కూసోని మిర్యాలగూడ పోతడు. నెలకోసారి గ్యారంటీ కాయితం మీద సంతకం పెడతడు. కండ్లతోని సూసినోని మాట కాదని ఎట్లంటరు?”

గ్యారంటీ కాగితాన్ని పర్వతాలు రెండుసార్లు చదివాడు. కంపెనీ మనిషి తప్ప వేరెవరు ఇంజనులో మార్పు చేసినా గ్యారంటీ రద్దని, కంపెనీ మనిషి చేసిన పనికి కంపెనీదే పూచీ అని అందులో ఉంది. దాంతోపాటు హీరాలాల్ రాసిన రిపోర్టు నకలు కూడా ఉంది. అనుమతి లేకుండా లారీకి చేసిన మార్పులన్నీ అందులో వరుసగా రాశాడు. సత్తయ్య గొంతు సవరించుకుని చదివాడు.

“పైన ఇనుప క్యారియరు. పక్కన రెండో హారను. అద్దం మీద ఎర్రగుడ్డ. రేడియేటరుకు వేలాడదీసిన నిమ్మకాయలు మూడు, అందులో ఒకటి ఎండినది. కార్బ్యురేటరు మర మీద పట్టకారు గీతలు.”

“ఎండిన నిమ్మకాయ గూడ వదల్లే. మంచి కన్ను,” అన్నాడు పర్వతాలు. సత్తయ్య అది కూడా రాసుకున్నాడు.

ముగ్గురూ ఇంకో లారీ పట్టుకుని మధ్యాహ్నానికి కోదాడ చేరారు. చెడిన లారీని, అది ఎప్పుడూ ఆగే రుక్కమ్మ చాయ హోటలు ముందుకు లాక్కొచ్చి పెట్టారు. మల్సూర్ దాని నీడలో మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. రెండు రోజులుగా అన్నం ముట్టలేదని రుక్కమ్మ చెప్పింది.

పర్వతాలు బానెట్ ఎత్తాడు. ఇంజనంతా వడ్ల దుమ్ము, నూనె జిడ్డు కలిసి నల్లగా పేరుకుపోయింది. కార్బ్యురేటరు మర మీది గీతలు మాత్రం తళతళ మెరుస్తున్నాయి. రేడియేటరు అడుగున, నిమ్మకాయలకు జానెడు కింద, పిడికెడంత ఇత్తడి నల్లా ఉంది.

“సత్తయ్యా, ఒక బిందె నీళ్లు పొయ్యి, యాడ కారుతయో సూద్దాం.”

సత్తయ్య పోశాడు. నీళ్లు నల్లాలోంచి కారసాగాయి. నల్లాను కుడికి తిప్పి కట్టబోయాడు. ధార ఇంకా పెద్దదై అతని ధోవతి మోకాళ్లదాకా తడిసింది. పర్వతాలు వంగి ఎడమకు తిప్పాడు. ధార ఆగిపోయింది.

“ఉల్టా నల్లా! మిలిటరీ సామాన్లది గావచ్చు,” అని సత్తయ్య ధోవతి పిండుకున్నాడు.

“మల్సూర్, ఈ నల్లా ఎవరు పెట్టిన్రు?”

మల్సూర్ తల ఎత్తలేదు. “కంపెనీలనే పెట్టిన్రు సారూ,” అన్నాడు. చంద్రమ్మ కూడా అంతే అంది, తనకూ వాడు అదే చెప్పాడట.

రుక్కమ్మను అడగడం సులువే, ఆపడమే కష్టం. “స్పీడా! ఈయన లారీయా! ఎడ్ల బండోళ్లు దాటుకొని పోయి నా కాడ చాయ తాగి, ‘మల్సూర్ ఇంకా రాలే?’ అని అడుగుతరు. ఆ ఇన్‌స్పెక్టరు సారు సంగతి వేరే. లారీ దిగేటప్పుడు గడ్డం మాసి ఉంటది, ఎక్కేటప్పుడు పొట్టు తీసిన కోడిగుడ్డు లెక్క నున్నగుంటది. మంగలి దగ్గరికి పోడు. నన్ను ఒక్కనాడు గూడ చెంబెడు వేడినీళ్లు అడగలే.”

“సోమవారం లారీ పోయినంక ఏమన్న సూసినవా?”

“బాట పొడుగుత తడి గీత ఉండె. ఎడ్లు పోసినయేమో అనుకున్న.”

మర్నాడు మిర్యాలగూడ వెళ్లి మిల్లు వెనక గదిలో హీరాలాల్‌ను కలుసుకున్నారు. మండుటెండలో మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని తుమ్ముతున్నాడు. మూడు రోజుల గడ్డం మాసి ఉంది.

“ఆ డ్రైవర్ బద్మాష్! ఇంజను పరేషాన్ చేసి సంపిండు,” అన్నాడు.

“సారు తానం వేడినీళ్లతోనేనా?” అని పర్వతాలు మర్యాదగా అడిగాడు.

హీరాలాల్ కళ్లు ఒక్క క్షణం కిటికీ వైపు తిరిగాయి. “ఇంజన్ కేసుకు నా తానంతో ఏం పని? చన్నీళ్లు. చిన్నప్పటి నుంచి చన్నీళ్లే!” అని గట్టిగా తుమ్మాడు.

బయటికొచ్చాక సత్తయ్య జాలిపడ్డాడు. “పాపం, ఇంజను పోయిన దుఃఖంల గడ్డం గూడ గీసుకోలే సారూ.”

పర్వతాలు అతని భుజం తట్టాడు. “కేసు ఖతం సత్తయ్యా. రేపు అందరినీ కోదాడ పిలువు.” సత్తయ్యకు ఏమీ అర్థం కాలేదు గాని, గురువుగారి తెలివికి గర్వంతో ఛాతీ ఉప్పొంగింది.

శుక్రవారం పొద్దున రుక్కమ్మ హోటలు ముందు అందరూ చేరారు. హీరాలాల్‌ను రేడియేటరుకు ఎదురుగా, బాగా దగ్గరగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రేడియేటరు నిండా నీళ్లు పోసి ఉంచారు.

“ఇంజను మర స్పీడు కోసం తిప్పిన్రన్నది ఇన్‌స్పెక్టరు సారు మాట,” అని పర్వతాలు మొదలుపెట్టాడు. “మరి ఆ స్పీడు ఏది? ఎడ్లబండ్లే దాటిపోతున్నయ్. స్పీడు కోసం ముందే తిప్పిన మరైతే గీతల మీద గూడ జిడ్డు పట్టాలె. అవి మొన్నటివి. ఇంజను పలిగినంక, కారణం కావాలని గీసినవి.”

“ఝూట్!” అన్నాడు హీరాలాల్.

“ఇంజను నీళ్లు లేక ఎండి పలిగింది. ఆ నీళ్లు ఈ నల్లాల నుంచి పోయినయ్. సారూ, మీరు ఎండిన నిమ్మకాయ గూడ రాసిన్రు. దాని కింద ఇంత నల్లా ఎందుకు రాయలే?”

“నేను చూడలే. ఎన్నడూ చూడలే!”

“సరే. సూద్దాం.” పర్వతాలు నల్లా కొంచెం ఇప్పాడు. నీళ్లు దూకాయి. “చంద్రమ్మక్కా, ఇగ కట్టు.”

చంద్రమ్మ అలవాటు చొప్పున కుడికి తిప్పింది. ధార ఇంతలావై హీరాలాల్ బూట్ల మీద పడింది. ఆమె కంగారుపడి ఇంకా కుడికి తిప్పింది. ధార ప్యాంటు మీదికి ఎగిసింది. చన్నీళ్లు తగిలేసరికి హీరాలాల్ కుర్చీ మీద నుంచి లేచి అరిచాడు.

“అరే, ఎడమకు! ఎడమకు తిప్పమ్మా!”

చంద్రమ్మ ఎడమకు తిప్పింది. నీళ్లు ఆగాయి. రుక్కమ్మ పడీపడీ నవ్వింది.

“ఎన్నడూ చూడని నల్లా ఎటు తిప్పితే కట్టుకుంటదో సారుకు ఎట్ల తెలిసె?” అన్నాడు పర్వతాలు. “సారు ఒంటికి చన్నీళ్లు పడవు. లారీ కోదాడ చేరేసరికి రేడియేటరు నీళ్లు మసులుతుంటయ్. గడ్డానికి, ముఖానికి ఇంతకన్న సుఖమేమున్నది? అందుకని నల్లా పెట్టించిండు. లారీ ఆగిపోయిన కాడి నుంచి గడ్డం గీసుకోలే. సోమవారం తొందరల నల్లా సగమే కట్టి లారీ ఎక్కిండు. మల్సూర్, ఇప్పుడన్న చెప్పు.”

మల్సూర్ లేచి నిలబడ్డాడు. “మొదటి సర్వీసుల ఆయనే కంపెనీ మనిషితోని పెట్టించిండు. మొన్న సోమవారం నేను మూటలు కడుతుంటె ఆయనే నీళ్లు పట్టుకున్నడు. నల్లా సంగతి బయటికి చెప్తే గ్యారంటీ మీద సంతకం పెట్టనన్నడు. అమ్మ లారీ పోతదని నోరు మూసుకున్న.”

హీరాలాల్ మఫ్లరుతో ముఖం తుడుచుకున్నాడు. తడి ప్యాంటుతోనే కూర్చుని పాత రిపోర్టు చింపేసి, కంపెనీ మనిషి పెట్టిన నల్లా వల్ల ఇంజను చెడింది గనుక బాగుచేయించడం కంపెనీ పూచీ అని కొత్తది రాసి సంతకం చేశాడు. రాస్తూ రెండుసార్లు తుమ్మాడని సత్తయ్య నోటుబుక్కులో ఉంది.

చంద్రమ్మ ఆ కాగితాన్ని మడిచి కొంగులో ముడేసుకుంది గాని, ముఖంలో సంతోషం లేదు. మల్సూర్ ముందుకెళ్లి నిలబడింది.

“సోమవారం సోమవారం వచ్చిపొయ్యేటోనికి భయపడ్డవ్. రోజూ బువ్వ పెట్టేదానికి ఒక్కమాట చెప్పలేకపోయినవ్. పోలీసులు నిన్ను పట్టుకపోతే మీ అమ్మకు నేనేం చెప్దును?”

“తప్పయింది అమ్మా.” మల్సూర్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “వేరే డ్రైవర్ని చూసుకోరి. నేను పోత.”

“యాడికి పోతవ్? రెండు జతల ఎడ్లను మాట్లాడిన. సూర్యాపేట దాకా లారీని లాక్కపోతయ్. ఎక్కు.”

“ఇంజను లేని లారీకి డ్రైవరెందుకమ్మా?”

“లాగేటందుకు ఎడ్లున్నయ్. తిప్పేటందుకు మనిషి కావాలె. నా లారీని నువ్వు తప్ప ఎవలు ముట్టొద్దు,” అని చంద్రమ్మ తానే ముందు సీటులోకి ఎక్కి కూర్చుంది.

మల్సూర్ ముఖం తుడుచుకుని స్టీరింగ్ పట్టాడు. సూర్యాపేట దాకా సాగిన రెండు రోజుల ప్రయాణంలో లారీ చక్రాల్లో ఒక్కదాన్నైనా గుంతలో పడనివ్వలేదు.