మాన్పడం అంటే

"ఆ చెయ్యి ఆడించడం మానండి ముందు!" నర్సు కసిరింది.

అతను ఠక్కున ఆగిపోయాడు. నిఘంటువు ఆఫీసులో ఉద్యోగం. కాగితాల కట్టర్ కింద వేలు పెట్టి నాలుగు కుట్లు వేయించుకున్నాడు. రోజు మార్చి రోజు కట్టు మార్పించుకోవడానికి ఈ క్లినిక్‌కి వస్తున్నాడు.

"భలే అన్నారండీ! ఆఫీసులో ఆ మాట దగ్గరే ఉన్నాను. మానడం అంటే ఆపేయడం. గాయం మానడమూ అదే మాట. మాన్పడం అంటే ఆపించడం, నయం చేయడం కూడా. రెండూ ఒక మూలంలోంచే వచ్చాయా, వేర్వేరా అని మా ఎడిటర్ గారికీ నాకూ వారంగా గొడవ."

ఆమె ముఖం వాడిపోయింది. గబగబా కట్టు కట్టేసి వెళ్లిపోయింది.

బయట రిసెప్షన్‌లో కూర్చునే అక్క గొంతు తగ్గించి చెప్పింది. "కిందటేడు ఈ అమ్మాయి పెళ్లి శుభలేఖలు అచ్చయ్యాక మగపెళ్లివాళ్లు ఫోన్ చేసి, 'ఈ సంబంధం మానుకుంటున్నాం' అన్నారు. అంతే, ఒక్క ముక్క."

అతనికి నాలుక కరుచుకున్నంత పనైంది.

మళ్లీ వచ్చిన రోజు జోరున వాన. తడిసి ముద్దై నిలబడ్డాడు.

"తెలియక అన్నానండీ. క్షమించండి."

"అక్క నోట్లో నువ్వుగింజ నానదు కదా!" ఆమె నవ్వేసింది. "ఇంతకీ తేలిందా మీ గొడవ?"

"లేదండీ. నొప్పి ఆగితే గాయం మానినట్టే, మాట ఒకటే అంటారు ఆయన. ఆగినవన్నీ మానినట్టేనా అంటాను నేను."

కత్తెర పట్టుకున్న ఆమె చెయ్యి ఆగింది.

"కాదు. ఆ పెళ్లి ఆగిపోయి ఏడాదైంది. ఆ గాయం మానింది మాత్రం ఈమధ్యే."

"ఈమధ్యే అంటే?"

"మీ వేలికి మూడో కట్టు కట్టినప్పుడు," అంది తలెత్తకుండా.

"నాకైతే మొదటి కట్టుకే అయిపోయిందండీ పని!"

ఆ ఆదివారం పెళ్లి సంగతి అడగడానికి వాళ్లింటికి వెళ్లాడు. వాళ్ల నాన్న బట్టలు కుట్టే మనిషి. మిషను మీంచి లేవకుండానే కళ్లజోడు పైనుంచి ఎగాదిగా చూశాడు.

"ఒకసారి దెబ్బ తిన్నాం బాబూ. మధ్యలో మానుకోవు కదా?"

ప్రతి మాటకీ నాలుగర్థాలు చెప్పేవాడికి ఈసారి ఒక్క అర్థమే తోచింది. తలుపు వెనక గాజులు కదలడం మానేశాయి.

"మానుకోనండీ," అన్నాడు.

ఆయన లేచి, కుర్చీ మీదున్న బట్టలన్నీ తీసి పక్కన పెట్టాడు.

"మరింకా నిలబడే ఉన్నావేం, అల్లుడూ? కూర్చో."