జిన్నింగు మిల్లుల ఆడగొంతు

కేసముద్రంల మూతబడ్డ జిన్నింగు మిల్లు పక్కకెల్లి చీకటివడ్డంక ఎవ్వరూ పోకపోదురు. పత్తికి నిప్పంటుకున్న నాడు లోపలున్న ఒకామె బయటికి రాలేదట. రాత్రయితే దారివొయ్యేటోళ్లను పిలుస్తదట. పలికిండ్రా — ఇగ అంతే.

మార్కెట్ యార్డుల బస్తాలు మోసే యాకయ్య గా దారిన పోవాల్సొచ్చింది. డోర్నకల్ దవాఖానల బిడ్డకు కాన్పు కష్టమైతున్నదని కబురొచ్చింది. యార్డు గడియారంల తొమ్మిది దాటింది. తొమ్మిదింబావుకు ఆఖరి రైలుబండి. టేషనుకు చుట్టుదారిన పోతే అందదు.

తల వంచుకొని, ఉప్పలమ్మ తల్లిని తలుసుకుంట నడిచిండు.

మిల్లు గోడ సగం దాటిండో లేదో... లోపల సన్నటి ఈల. గరగర. ఆ గరగరల ఆడగొంతు.

"రా... జర దగ్గరికి రా..."

యాకయ్య ఎనకకు అడుగేసిండు.

"పోకు... గింత దూరం వచ్చి పోతవా?"

"అవ్వా," అన్నడు, ఏడుపు గొంతుతోని. "బిడ్డ కాన్పుకు పోతున్న. దాని మొఖం చూసి... నేనే వస్త. ఇయ్యాల ఇడిచిపెట్టు."

చప్పుడు ఆగింది. తలుపు కిర్రుమన్నది. టార్చిలైటు — దాని ఎనక హైస్కూల్ల సైన్సు చెప్పే సరళ టీచర్.

"నిన్ను గాదు యాకన్నా," అన్నది మెల్లగ. "రేడియోను."

లోపల బల్ల మీద విప్పేసిన ట్రాన్సిస్టర్, దాని వైర్లకు కట్టిన గోడగడియారం. వార్తల ముంగట ఢిల్లీ నుంచి వచ్చే కూతలు వినంగనే ముల్లు తనంతట తానే సరైన టైముకు రావాలె. అదీ ఆమె తండ్లాట. ఊర్ల పిండిగిర్నీ మోటరు నడిస్తే రేడియో అంత గరగరే. అందుకే ఈ మిల్లు.

"ఊకో. తొమ్మిదైతున్నది."

"ఎప్పుడో దాటె గద టీచరమ్మా—"

కుయ్... కుయ్... ఆఖరి కూత పొడుగ్గ సాగింది.

ఠక్.

ఎవ్వరూ ముట్టలే. పెద్దముల్లు పన్నెండు మీదికి దుంకింది. సరళ టీచర్ రెండు చేతుల్ల మొఖం దాసుకొని నవ్వింది.

"యార్డు గడియారం ముందుకు ఉరుకుతున్నది. నీ బండి పోలే. నడువు."

గడప దాటుతుంటే మళ్ల పిలిచింది.

"యాకన్నా... ఈడ దెయ్యం లేదని ఎవ్వలకు చెప్పకు. జనం మోపైతే నా పని సాగది."

బండి అందింది. రొప్పుకుంట కూసున్నోణ్ణి చూసి పక్కాయన ఏమైందని అడిగిండు.

యాకయ్య అటిటు చూసి గొంతు తగ్గించిండు. "మిల్లులకెల్లి... ఆడమనిషి పిలిచింది."

డబ్బాల ఉన్నోళ్లు కాళ్లు పైకి గుంజుకున్నరు. డోర్నకల్ వచ్చేసరికి ఆమె జడ మోకాళ్లు దాటింది, పాదాలు ఎనకకు తిరిగినయి. దవాఖానల తల్లీపిల్లా సల్లగున్నరు. మనుమరాల్ని ఒళ్లె పండవెట్టుకొని వియ్యపురాలికి మళ్ల చెప్పిండు — ఈసారి కోరలు గూడ మొలిచినయి.