రాజుగారి చెవిలోని శంఖగుహ

పూర్వం కుంతలగిరిని మకరాంకుడనే రాజు ఏలేవాడు. ఆయన యుద్ధం గెలిచి వచ్చిన రోజున వెయ్యి నగారాలు ఒక్కసారిగా మోగాయి. ఆ మోతలో హోరుడనే చిన్న భూతం ఆయన చెవిలో దూరింది. అప్పటినుంచి మెల్లని మాటలేవీ రాజుకు వినబడలేదు. కొలువులో గొంతు చించుకున్నవాడిదే న్యాయమైంది.

చేయని దొంగతనానికి సాలెవాడు పోలయ్య చెరసాల పాలయ్యాడు. అతని భార్య జబ్బుమనిషి. ఆమె పీలగొంతు సింహాసనం దాకా చేరనే లేదు. కూతురు చెంగల్వ ఆ రోజే అడవిదారి పట్టి, మూడు కొండలు దాటి, ఒక ముని కాళ్ళ మీద పడింది.

ముని ఒక ఆకు ఇచ్చాడు. "తల్లీ, ఇది నమిలితే ఆవగింజలో సగమవుతావు. రాజు చెవిలోకి వెళ్ళు. భూతం ఎంత కవ్వించినా అరవకు. అరుపే దాని ఆహారం."

చెంగల్వ కొలువుకు తిరిగివచ్చి, తాటాకు మీద సంగతంతా రాసి రాజుకు చూపింది. రాజు తలూపాడు.

ఆమె ఆకు నమిలి ఆయన చెవిలోకి వెళ్ళగానే డప్పుతోలులాంటి తలుపు అడ్డొచ్చింది. దాని అంచున సందు చేసుకుని దూరింది. ఆపైన మూడు ఎముకల వంతెన. కొలువులో ఎవరు అరిచినా అది ఊగిపోయేది. చెంగల్వ పాకుతూ దాటింది. అవతల శంఖంలా మెలికలు తిరిగిన నీటిగుహలో, తలల మీద జుట్టు వాలిన కావలివాళ్ళు వరసలుగా తూలుతున్నారు.

"అన్నలారా, మీకేమైంది?"

"వినేది మేమేనమ్మా. కానీ మమ్మల్ని పట్టి నిలబెట్టేది, మా కాళ్ళకింద ఉప్పు తోడేది కిందున్న ఆదరువులనే పనివాళ్ళు. వాళ్ళు పట్టు వదిలాక చిన్న అలలు మాకు తెలియడం లేదు."

చెంగల్వ కిందికి దిగింది. ఆదరువులు పీకలదాకా ఉప్పునీటిలో సోలిపోయి ఉన్నారు. వాళ్ళ భుజాల మీద హోరుడు కూర్చున్నాడు.

"ఎవతెవే నువ్వు? అరిచి చెప్పు!" అని గర్జించాడు.

చెంగల్వ ముని మాట తలచుకుని అరవలేదు. దోసిళ్ళతో ఉప్పునీరు తోడసాగింది. ఒక ముసలి ఆదరువు కళ్ళు తెరిచి, "మాకోసం వచ్చినదానివి నువ్వే మొదలమ్మా" అన్నాడు.

ఆమె గుసగుసగా, "తాతా, మా రాజు ఇన్నేళ్ళూ విన్నదంతా మీ చలవే. మీకు దండం" అంది.

ముసలివాడు కన్నీళ్ళతో లేచాడు. అతణ్ణి చూసి మిగతావాళ్ళూ లేచి నీరు తోడారు. అరుపు దొరకక హోరుడు చిక్కి చిక్కి, బుడగలా పగిలిపోయాడు. ఆదరువులు కావలివాళ్ళను గట్టిగా పట్టుకున్నారు. వాళ్ళ జుట్టు నిటారుగా నిలిచింది.

చెంగల్వ బయటికి వచ్చి మామూలు మనిషైంది. రాజు పోలయ్య భార్యను పిలిపించి, ఆమె చెప్పిందంతా విన్నాడు. నిజం తేలింది. పోలయ్యను విడిపించి, చెంగల్వను తన న్యాయసభలో కూర్చోబెట్టాడు.

ఆ తర్వాత చెవిలోని ఆదరువుల సంగతి చెంగల్వ చెప్పగా విని, రాజు కళ్ళు మూసుకుని, చెవి మీద అరచేయి ఆనించి, లోపలివాళ్ళు ఉలిక్కిపడనంత మెల్లగా అన్నాడు: "మీ మేలు మరువను."