గోడ అవతలి మోటారు

"ఏమండీ, కాఫీ" అని తల్లి ఇల్లదిరేలా కేక పెట్టింది.

తండ్రి రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నారు. "ఎందుకే అంత గొంతు చించుకుంటావు?" అంటూ గ్లాసు అందుకున్నారు.

పది రోజులుగా ఆ ఇంట్లో ఇదే వరస. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపిన మనిషికి చెవుడని కాగితం వచ్చింది. ఆ కాగితం మీద సంతకం చేసింది స్వయానా కూతురే. వినికిడి పరీక్షల సెంటర్లో ఆమె ఒక్కతే టెక్నీషియన్. కన్నతండ్రి అని కూడా చూడలేదు, ఎంత నిక్కచ్చి మనిషో అని డిపోలో అందరూ మెచ్చుకున్నారట. ఆ మెప్పు విన్న దగ్గర్నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు, కంటి మీద కునుకు లేదు.

ఎందుకంటే అసలు సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. ఆ రోజు శబ్దం చొరబడని గదికి తలుపు రబ్బరు ఊడిపోయింది. తండ్రిని పక్క గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టింది. గోడ అవతల నీళ్ల మోటారు ఆగకుండా హోరెత్తుతోంది. శబ్దం వినపడగానే వేలెత్తాలి. సన్నని కూతలకు ఆయన టక్కున ఎత్తారు. బొంగురు శబ్దాలకు ఎత్తనే లేదు. గ్రాఫు చూడగానే ఆమెకు తెలిసిపోయింది. వయసు మీదపడితే ముందు పోయేవి సన్నని కూతలు. ఆయనకు అవి నిక్షేపంగా ఉన్నాయి. మిగతావి మోటారు హోరులో కలిసిపోయాయి. తప్పు గదిది, చెవులది కాదు. మళ్లీ చేయాలి. చేయలేదు.

అంతకు వారం ముందే ఆయన కంచం ముందు కూర్చుని, చేతిలో ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయారు. రోజూ చీకటితో లేచే డ్యూటీ. చెవుడని రాస్తే టైర్ల గోడౌన్‌లో కూర్చోబెడతారు, ప్రాణానికి సుఖంగా ఉంటుందనుకుంది. కళ్లు మూసుకుని సంతకం పెట్టేసింది.

ఇవాళ పదింటికి ఆ గోడౌన్ కాగితం మీద ఆయన సంతకం పెట్టాలి. పెడితే మళ్లీ స్టీరింగ్ ముట్టుకునేది లేదు.

వంటింట్లో ఫ్రిజ్ ఒక్కసారి వణికి ఊరుకుంది.

"పెరట్లో కుళాయి కారుతోంది. వాషర్ అరిగినట్టుంది" అన్నారు తండ్రి.

తల్లీ కూతుళ్లు మొహమొహాలు చూసుకున్నారు. చెవులు రిక్కిస్తే గానీ ఆ చుక్కల చప్పుడు వాళ్లకే అందలేదు.

"మీకు చెవుడన్నారుగా?" తల్లి గొంతు తగ్గింది.

ఆయన గ్లాసు కింద పెట్టారు. కూతురిక ఆగలేకపోయింది. మోటారు సంగతి, గ్రాఫు సంగతి, తెలిసి తెలిసి పెట్టిన సంతకం, అన్నీ కక్కేసింది.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు చేతులెలా వచ్చాయే? పది రోజులుగా ఆ మనిషి తలెత్తుకుని వీధిలోకి పోలేదు. అరిచి అరిచి నా గొంతు పోయింది."

"మరి నన్నేం చేయమంటావమ్మా? నాన్న ఇంటికొచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండదు. అలిసిపోయాను."

"మోటారు సంగతి నాకు తెలుసమ్మా" అన్నారు తండ్రి.

కూతురు గిరుక్కున ఆయన వైపు తిరిగింది.

"ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాణ్ణి. గోడ పక్క మోటారు పట్టుకోలేనా?"

"మరి అప్పుడే చెప్పలేదేం నాన్నా?"

"పక్క గదిలో పరీక్ష చేశావని పైవాళ్లకు తెలిస్తే నీ ఉద్యోగం మీదికొస్తుందేమోనని. నీకు తెలియక జరిగిందనుకున్నాను."

ఆ చివరి మాటకు ఆమె తట్టుకోలేకపోయింది. బల్ల మీద తల వాల్చి చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయన లేచి ఆమె తల మీద చెయ్యి వేశారు. ఇంకొకరైతే చెయ్యి చేసుకునేవారు.

తొమ్మిదింటికల్లా తండ్రీ కూతుళ్లిద్దరూ సెంటర్లో ఉన్నారు. గది తలుపుకు ఈమధ్యే కొత్త రబ్బరు వేశారు. అద్దం అవతల ఆయన బడిపిల్లాడిలా నిటారుగా కూర్చున్నారు. బొంగురు శబ్దాన్ని ఆమె తగ్గించుకుంటూ పోయింది. ప్రతిసారీ వేలు లేచింది. కళ్లల్లో నీళ్లు నిండి ఆమెకు గ్రాఫు గీత కనపడలేదు.

కొత్త కాగితం మీద, వెనకటి పరీక్ష చప్పుడున్న గదిలో జరిగిందనీ, ఆ సంగతి తెలిసీ తానే సంతకం చేశాననీ రాసింది.

"అది రాయాలా?" అన్నారు ఆయన.

"రాయాలి నాన్నా."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "చీకటి డ్యూటీ వద్దని ఇవాళే అడుగుతాను. కుదరదంటే ఆ గోడౌన్‌లోనే కూర్చుంటాను."

"నిజంగానా?"

"నా కూతురు భయపడుతోందని బస్సు దిగుతాను. చెవిటివాణ్ణని దిగను. ఆ ఒక్క మాట నన్నే అడిగి ఉంటే సరిపోయేది కదమ్మా."

ఆయన గుమ్మం దాటాక ఆమె ఇంటికి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. అవతల తల్లి అంతా విని, పది రోజుల తర్వాత మామూలు గొంతుతో అంది:

"వచ్చేటప్పుడు నాన్నను వాషర్ తెమ్మను."