పదకొండు లక్షల గుమ్మాలు

మధ్యాహ్నం కొళాయి వేళ మారింది. గవరయ్య కొళాయి కార్యాలయంలో తన బల్ల దగ్గర ఒక్క చోట దిద్దాడు. నగరంలోని పదకొండు లక్షల గుమ్మంపలకల తెరల మీద అంకె మారిపోయింది. పలక పైభాగం ఇంటివాళ్ళది. కింది భాగం ఉమ్మడి తునక, ఒక చోట రాస్తే అన్నిటి మీదా పడేది, కార్యాలయానిది. పంతొమ్మిదేళ్ళుగా అతని బతుకంతా ఆ కింది భాగమే.

భార్య చెల్లాయమ్మ అలిగి అన్నగారింటికి వెళ్ళి ఏడు నెలలు. ఫోను ఎత్తదు. జీడిపిక్కల ఫ్యాక్టరీ నుంచి నాలుగింటికి మాత్రం తమ వీధిలోంచే నడిచి వెళ్తుంది. ఇంటి పలక పైభాగం ఆమె వేలిముద్రకే తెరుచుకుంటుంది. అందుకని ఉమ్మడి తునకలోంచి తన గుమ్మం ఒక్కటీ విడదీసి దాని కింది భాగంలో రాద్దామనుకున్నాడు గవరయ్య. ఊరి మాటలు రాసి అరిగిపోయిన చేతికి సొంత మాట ఒక పట్టాన రాలేదు. చివరికి రాశాడు: ‘తప్పు నాదే. తలుపు తీసే ఉంది. వచ్చెయ్.’

ఆ తంటాలో విడదీయడమే మరిచాడు.

పక్కబల్ల జోగినాయుడు తన తెర చూసి నోరు తెరిచాడు.

"ఏటిది గవరయ్యా! మా గుమ్మమ్మీద నా తప్పు నువ్వు ఒప్పీసుకున్నావేటి? మా ఆవిడ సూస్తే నన్ను బతకనిస్తాదా?"

గవరయ్య వేలు చెరిపే మీట మీదికి వెళ్ళింది. అప్పుడే ఫోను మోగింది. ఎవరో ముసలాయన.

"బాబూ, కొళాయాఫీసేనా? ఆ రాత తియ్యకండి. మా తమ్ముడు పన్నెండేళ్ళకొచ్చాడు. గుమ్మం ముందు నిలబడి సదూతన్నాడు. ఇంకా లోపలికి రాలేదు."

వేలు ఆగింది. ఫోన్లు ఆగలేదు. ఎవరి కోడలో, ఎవరి కొడుకో, సంచులతో గుమ్మాల ముందు. ఆ మాట మాది కాదని ఏ ఇంటివాళ్ళూ అనలేదు.

నాలుగు దాటాక చెల్లాయమ్మే ఫోను చేసింది.

"మీ ఆఫీసోళ్ళకి పన్లేదేటి? మా అన్న గుమ్మమ్మీదా అదే రాత!"

"నానే రాసానే. నీకే రాసాను."



"మనింటి ముందు ఆగాను. మెట్టు మీద కాలెట్టాను కూడాను. పక్కింటి పలక సూసి దించీసాను. ఊరందరికీ సెప్పిన మాట నాదని ఎలాగనుకోను? మిగతావన్నీ ఇప్పుడే సెరిపీ. మనిల్లొక్కటీ ఉంచు. ఎనక్కొస్తాను."

"సీకటి పడే దాకా ఆగలేవా?"

"ఏడు నెల్లాగాను."

ఫోను పెట్టేసింది. గవరయ్య మీట మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సెరపవేటి?" అన్నాడు జోగినాయుడు.

"ఇంకెవరో దార్లో ఉండుంటారు."