మరీ బాగా చేసేసిన లిఫ్ట్ మేడమ్

మా బిల్డింగ్ లిఫ్ట్‌కి తాళం వేసిన మనిషిని నేను ప్రేమిస్తానని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్ళని అదే లిఫ్ట్‌లో కూర్చోబెట్టి తాళం వేసేవాణ్ణి.

నాలుగో అంతస్తులో నా పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు. ఇంటర్వ్యూలకి వెళ్ళేవాళ్ళకి ఎలా కూర్చోవాలి, ఎలా చూడాలి, ఎప్పుడు నవ్వాలి, ఇవన్నీ నేర్పుతాను. బయట బోర్డు మీద "ఎవరితోనైనా, ఎక్కడైనా, ధైర్యంగా!" అని ఉంటుంది. మా ఇంటి ఓనర్ ఫోన్ చేస్తే నేను బాత్రూంలో దాక్కుంటాను. ఆ సంగతి కూడా రాయిద్దామనుకున్నాను కానీ బోర్డు మీద చోటు చాల్లేదు.

ఆ రోజు పొద్దున్నే లిఫ్ట్ ముందు ఒకావిడ టార్చిలైటు పట్టుకుని నిలబడింది. లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్. తలుపుకి "వాడరాదు" అని అట్ట తగిలించి తాళం వేస్తోంది.

"ఏమైంది మేడమ్?"

"రోప్ అరిగింది."

"కొంచెమే కదా?"

"రోప్ కొంచెమే అరిగింది. పడితే మీరు పూర్తిగా పడతారు."

నా స్పెషల్ నవ్వు బయటికి తీశాను. కరెంటాఫీసులో కూడా పని జరిపించిన నవ్వు అది. ఆవిడ టార్చిలైటు నా మొహం మీదకి తిప్పి, శ్రద్ధగా చూసింది.

"పై వరసలో ఒక పన్ను కూడా అరిగింది. చూపించుకోండి," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అందరం మెట్లెక్కాం. కుర్రాళ్ళుగా బయల్దేరిన నా స్టూడెంట్లు నాలుగో అంతస్తు చేరేసరికి రిటైర్మెంట్ వయసుకి వచ్చేవాళ్ళు. ఉద్యోగం వచ్చినా చేసే ఓపిక ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం లిఫ్ట్ మేడమ్ తనే మెట్లెక్కి వచ్చి నా క్లాసు గుమ్మంలో నిలబడింది.

"ఎవరితోనైనా అని బోర్డు మీద రాశారు. నిజమేనా?"

"గోడలతో కూడా మేడమ్."

"గోడలతో నాకు ఇబ్బంది లేదు. మనుషులతోనే. త్వరలో ఒకావిడ నన్ను కూర్చోబెట్టి చాలా ప్రశ్నలు అడుగుతుంది. ఎలా మాట్లాడతానో, ఎలా చూస్తానో గమనిస్తుంది. నేను బాగా చెయ్యాలి."

ఎవరావిడ, ఏం ప్రశ్నలు, ఎందుకు అని అడగాలి కదా? బుద్ధున్న మాస్టారైతే అడుగుతాడు. నేను మాత్రం ఆవిడ చెవి వెనకాల ఇరుక్కున్న పెన్సిల్ వంక చూస్తూ, "రేపే రండి" అన్నాను.

అలాంటి స్టూడెంట్‌ని నేను చూడలేదు. కళ్ళలోకి చూడటం కష్టమంటే, కనుబొమ్మల మధ్య చూడమన్నాను. మర్నాటికల్లా అద్దం ముందు ప్రాక్టీస్ చేసుకొచ్చింది. ఎదుటివాళ్ళు తల ఊపితే మీరూ ఊపండన్నాను. బ్రేకులు టెస్ట్ చేసినంత జాగ్రత్తగా ఊపింది. "ఎలా ఉన్నారు?" అంటే నిజంగా ఎలా ఉన్నామో చెప్పకూడదని చెప్తే మాత్రం చాలాసేపు బాధపడింది.

"మరి అడగడం ఎందుకు?"

"మర్యాద."

"సమాధానం అక్కర్లేని ప్రశ్న అడగడం మర్యాదా? సరే."

ఒక రోజు సరదాగా క్లాసంతటికీ గంభీరంగా చెప్పాను: "పెద్ద కంపెనీల్లో కూర్చునే ముందు కుర్చీకి థాంక్స్ చెప్పాలి. అక్కడే సగం మందిని ఏరేస్తారు." అందరూ రాసేసుకున్నారు. లిఫ్ట్ మేడమ్ ఒక్కతే "ఎందుకు?" అంది.

క్లాసయ్యాక మెట్ల దగ్గర గోడకి తల ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేది.

"ఏమైంది మేడమ్?"

"మెదడు వేడెక్కింది. చల్లారుతోంది."

జోకనుకుని నవ్వాను. ఆవిడా నవ్వింది. అచ్చం నా నవ్వే, అదే సౌండు, అదే సాగదీత. ఒక అమ్మాయి మన నవ్వు నవ్విందంటే దానర్థం ఒక్కటే కదా! ఆ రాత్రి నేను మా పిల్లలకి పేర్లు కూడా పెట్టేశాను.

తర్వాత ఆవిడని ప్రశ్నలడిగే రోజు రానే వచ్చింది. వానొచ్చింది. ఊరు కొట్టుకుపోతుందేమో, సామాన్లు సర్దుకోవాలేమో అన్నంత వాన. క్లాసు ముగించి కిందికి దిగితే, లిఫ్ట్ పక్కన మెట్టు మీద తడిసి ముద్దై కూర్చుని ఉంది.

"ఫెయిలయ్యాను," అంది.

"పోనీలెండి మేడమ్, ఉద్యోగాలకేం..."

"ఉద్యోగమేంటి? నాకుంది కదా! మీ లిఫ్ట్‌కి తాళం వేసింది సరదాకనుకున్నారా?"

అప్పుడు చెప్పింది. వెళ్ళింది సైకాలజిస్ట్ దగ్గరికి. తనకి ఆటిజం ఉందేమో చూడమని తనే అడిగింది. నెలల తరబడి ఆగితే దొరికిన అపాయింట్‌మెంట్ అది.

"నా చూపు చాలా సహజంగా ఉందన్నారు. మాటతీరు చక్కగా ఉందన్నారు. ఇంకా ఏమీ తేల్చలేదు కానీ, ఇప్పటికైతే పెద్దగా ఏమీ కనిపించట్లేదన్నారు."

నా సర్వీసులో మొట్టమొదటిసారి ఒక స్టూడెంట్ నేను నేర్పింది నేర్పినట్టు చేసింది. పోయి పోయి ఎక్కడ చేసిందో చూడండి!

"అక్కడికి వెళ్తూ నా దగ్గర ట్రైనింగేంటి మేడమ్? ఎవరైనా ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్తూ ఎముకలకి మేకప్ వేసుకుంటారా?"

"ఎవరైనా నన్ను గమనిస్తుంటే బాగా చెయ్యాలని చిన్నప్పట్నుంచీ నేర్పారు. బాగా చెయ్యకూడని పరీక్ష కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు." ముక్కు తుడుచుకుంది. "ఒక్కటి మాత్రం రాసుకున్నారు. కుర్చీకి థాంక్స్ చెప్పానని."

"అయ్యో! అది జోకండీ!"

"తెలుసు. కానీ ఆ కుర్చీ నిజంగానే బాగుంది. కిర్రుమనలేదు."

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "అయినా లేదంటే మంచిదే కదా?" అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. వాన వైపు చూసింది.

"లేదంటే ఇక నాది పొగరే. చిన్నాన్న కొడుకు పెళ్ళిలో ఆ మైకుల గోల తట్టుకోలేక కారులో కూర్చున్నాను. పొగరన్నారు. ఆఫీసులో పెద్దసారు జోకేస్తే అర్థం కాలేదన్నాను. పొగరన్నారు. మా అమ్మా అదే అంటుంది. పొగరైతే, ఇంత అలిసిపోతానా మాస్టారూ?"

నా దగ్గర రకరకాల నవ్వులున్నాయి. ఆ ప్రశ్నకి ఒక్కటీ సరిపోలేదు.

ఇంకో సిట్టింగ్ ఉందట. చిన్నప్పటి సంగతులు చెప్పడానికి ఇంట్లోవాళ్ళు రావాలట. వాళ్ళమ్మ మాత్రం రానంది. సరే, నేరం మనది కాబట్టి ఒప్పించడానికి నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

వాళ్ళమ్మగారు తలుపు సగం తీసి, "ఎవరు బాబూ నువ్వు?" అన్నారు.

"మీ అమ్మాయికి నవ్వడం నేర్పిన మాస్టార్నండీ."

"అది నవ్విందా?"

"బ్రహ్మాండంగా నేర్చుకుందండీ. ఇప్పుడు మాన్పించాలి."

"చూడు బాబూ, నా కూతురికి ఏ లోటూ లేదు. నేనెక్కడికీ రాను."

"అదే కదండీ! ఆ డాక్టరమ్మ వినట్లేదు. మీరొచ్చి గట్టిగా చెప్తే తప్ప లాభం లేదు."

ఆవిడ చెప్పులేసుకున్నారు. సిట్టింగ్ వచ్చే బుధవారమని చెప్పి, మళ్ళీ విప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

బుధవారం ఆ గదిలో నలుగురం కూర్చున్నాం. "ఈయన?" అని నన్ను చూపించి అడిగారు డాక్టరమ్మ.

"నన్ను పాడుచేసిన మాస్టారు," అంది లిఫ్ట్ మేడమ్.

ఇంత గొప్పగా నన్ను ఎవరూ పరిచయం చెయ్యలేదు. నేర్పిందంతా ఒప్పుకున్నాను. కనుబొమ్మల మధ్య చూపు, తల ఊపడం, అరువిచ్చిన నవ్వు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, "అంటే మొన్న నేను మిమ్మల్ని చూశానన్నమాట!" అన్నారు నాతో. తర్వాత లిఫ్ట్ మేడమ్‌తో మెల్లగా, "ఇవాళ మీకెలా ఉండాలనుంటే అలా ఉండండి," అన్నారు.

లిఫ్ట్ మేడమ్ కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది. బ్యాగులోంచి టార్చిలైటు తీసి టక్ టక్‌మని వెలిగిస్తూ ఆర్పుతూ కూర్చుంది. ఆవిడ భుజాలు అంత కిందికి దిగడం నేను అదే మొదటిసారి చూడటం. అన్నాళ్ళూ వాటిని చెవుల దగ్గరే మోస్తోందని అప్పుడు తెలిసింది.

వాళ్ళమ్మగారు యుద్ధానికొచ్చినట్టే వచ్చారు.

"చిన్నప్పుడు బంగారమండీ ఇది! అల్లరే లేదు. పొద్దున కూర్చుంటే సాయంత్రందాకా వీధి గేటు తీసి, మూసి, తీసి, మూసి, ఆ మడత బందుల వంకే చూసేది. గౌను మెడ దగ్గర లేబుల్ కత్తిరిస్తే గానీ వేసుకునేది కాదు. పుట్టినరోజుకి పిల్లల్ని పిలిస్తే మంచం కింద దూరి, అందరూ వెళ్ళాక వచ్చి బుద్ధిగా కేకు తినేది. ఇందులో ఏముంది? పిల్లలందరూ అంతే కదా?"

డాక్టరమ్మ పెన్ను ఆగలేదు.

"అంతే కదా?" అన్నారు మళ్ళీ, ఈసారి నా వైపు తిరిగి. నేను తల ఊపలేదు. ఊపడం నా వృత్తి, అయినా ఊపలేదు.

"అంతే కదా..." మూడోసారి ఆ మాట కూతురితో అన్నారు. గొంతు చాలా చిన్నదైపోయింది.

కొన్నాళ్ళకి రిజల్ట్ చెప్పడానికి పిలిచారు. తల్లీకూతుళ్ళు లోపలికెళ్ళారు, నేను బయట వరండాలో గోళ్ళు మోచేతిదాకా కొరికేసుకున్నాను. తలుపు తెరుచుకుంది.

"ఉంది," అంది లిఫ్ట్ మేడమ్. "ఆటిజమే. పుట్టినప్పట్నుంచీ."

ఏడుస్తోందా, నవ్వుతోందా తెలీలేదు. రెండూ తన సొంతవే, అది మాత్రం తెలిసింది.

వాళ్ళమ్మగారు కాసేపు పైట కొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చున్నారు. తర్వాత, "ఆ రోజు పెళ్ళిలో... కారులో ఏసీ అయినా వేసుకున్నావా?" అన్నారు.

"వేసుకున్నానమ్మా."

"మంచి పని చేశావు."

అంతే. మావైపు దాన్ని క్షమాపణ అంటారు.

బయట మళ్ళీ వాన. క్లినిక్ పోర్టికోలో నిలబడ్డాం. లిఫ్ట్ మేడమ్ ఎదురుగా ఉన్న స్కూటర్ చక్రంతో అంది:

"మాస్టారూ, నేను మిమ్మల్ని ప్రేమిస్తున్నాను. ఇది మీ క్లాసులో నేర్పలేదు. తప్పుగా చెప్తే సరిచెయ్యండి."

నాకు నవ్వొచ్చింది. అది కూడా వెర్రి నవ్వు.

ఆవిడ కాసేపు ఆ నవ్వు విన్నది.

"ఇదివరకైతే అర్థం కాకపోయినా నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని. ఇక అలా చెయ్యను. అడుగుతున్నాను. ఆ నవ్వుకి అర్థమేంటి?"

"నేనూ ప్రేమిస్తున్నానని."

"మరి ఆ ముక్క చెప్పొచ్చుగా! మధ్యలో ఈ నవ్వెందుకు?"

"భయమేసింది మేడమ్."

"ఓహో." మొహం వెలిగిపోయింది. "భయమేసినా నవ్వుతారా? నాకు తెలీదు. చెప్పినందుకు థాంక్స్."

వెనకనుంచి వాళ్ళమ్మగారి గొంతు: "వానలో సరిగ్గా వినపడలేదు బాబూ. ఏమన్నావో ఇంకోసారి గట్టిగా చెప్పు."

గట్టిగానే చెప్పాను. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకి కూడా వినపడింది. ఆయన అభ్యంతరమేమీ చెప్పలేదు.